మూడు బొటనవేళ్ళ విమానం

విమానానికి ఓనర్లు ముగ్గురు. అక్కడే తప్పు జరిగిందని జయంతి అనుకోని రోజు లేదు.

ముగ్గురు కలిసి గేదెని కొంటే ఎవరు మేపాలి, ఎవరు పితకాలి అన్నదొక్కటే తగువు. విమానం కొంటే ఆ తగువుతో ఆగదు. దాన్ని ఎంత ముస్తాబు చెయ్యాలి, ఎవరి ముచ్చట ప్రకారం చెయ్యాలి, ముస్తాబయ్యాక ముందు ఎవరెక్కాలి, అన్నీ తగువులే. పైగా గేదె అయితే మధ్యలో అరిచి తన మాట చెప్తుంది. విమానం చెప్పదు.

అరిజోనాలోని చాండ్లర్ ఎయిర్‌పోర్ట్‌లో రేకుల హ్యాంగర్‌లో ఉండే ఆ నాలుగు సీట్ల విమానం వయసులో జయంతికన్నా పెద్దది. రెక్క కింద రంగు పెచ్చులూడింది. తలుపు రెండుసార్లు బాదితే గానీ పడదు. ఇంజను మాత్రం బంగారం. కొన్న కొత్తలో ముందు ప్యానెల్ నిండా గుండ్రటి గడియారాలుండేవి. ఎత్తు చెప్పేదొకటి, వేగం చెప్పేదొకటి, దిక్కు చెప్పేదొకటి. రేడియోని అరచేత్తో చరిస్తే పలికేది, లేకపోతే అలిగేది.

జయంతి అడిగింది చిన్న కోరిక. ఒక మంచి రేడియో, మబ్బులో దారి చూపించే ఒక జీపీఎస్ డబ్బా. అంతే. ఆ రెండూ ఉంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్షకి కూర్చోవచ్చు. అదేమిటంటే, మబ్బు అద్దాలకి దూదిలా అతుక్కుపోయి బయట ఏమీ కనపడనప్పుడు లోపలి పరికరాలని మాత్రమే నమ్మి విమానం నడపగలవని ఇచ్చే ఒప్పుదల. అది లేని పైలట్ మబ్బు కనపడితే వెనక్కి తిరగాల్సిందే.

"అరిజోనాలో మబ్బెక్కడుందమ్మా?" అని కృష్ణమూర్తి ప్రతిసారీ నవ్వేవాడు. ముగ్గురిలో ఆయనే పెద్ద. సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు. ఆఫీసులో డైరెక్టరైతే హ్యాంగర్‌లోనూ డైరెక్టరే అని ఆయన నమ్మకం.

అరిజోనాలో లేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంది. అక్కడ జయంతి అక్క ఉంటుంది. రెండుసార్లు అక్క ఇంటికని విమానంలో బయల్దేరింది. రెండుసార్లూ సముద్రం మీంచి వచ్చిన మబ్బు కొండలకి అడ్డంగా పరుచుకుని కూర్చుంది. ఇవతలే దిగిపోయి, అద్దె కారు తీసుకుని, ట్రక్కుల వెనక పాక్కుంటూ వెళ్ళింది. సొంత విమానం ఉండి అద్దె కారులో దిగిన చెల్లెల్ని చూసి అక్క ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే జయంతిని కాల్చింది.

సరే, రెండు డబ్బాలు. ముగ్గురూ ఒప్పుకున్నారు. విమానాన్ని ఇంకో ఊళ్ళో ఉన్న, రేడియోలూ పరికరాలూ బిగించే ఏవియానిక్స్ షాప్‌కి తీసుకెళ్ళారు. షాప్ నడిపే డోనా అనే ఆవిడ ప్యానెల్ విప్పింది. అప్పుడు మొదలైంది అసలు రోగం. ఆ రోగం పేరు "ఎలాగూ విప్పారు కదా".

ఎలాగూ విప్పారు కదా, గడియారాలు తీసేసి స్క్రీన్ పెట్టిద్దాం అన్నాడు కృష్ణమూర్తి. ఎలాగూ స్క్రీన్ పెడుతున్నారు కదా, రెండోది కూడా పెట్టిస్తే అందంగా ఉంటుంది. ఎలాగూ రెండు స్క్రీన్లున్నాయి కదా, ఆటోపైలట్ లేకపోతే ఏం బాగుంటుంది. మూడో ఓనరు శశికాంత్, కుర్రాడు, వరంగల్ వాడు, వాడు ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. "అక్కా, ఎట్లాగూ వైర్లు పీకిన్రు కదా, నాలుగు సీట్లకి నాలుగు చార్జింగ్ పోర్టులు పెట్టిద్దాం."

డోనా మంచిదే, ఓపిక గలదే. రేకు కోసింది. వీళ్ళు మాట మార్చారు. ఇంకో రేకు తెప్పించి మళ్ళీ కోసింది. మళ్ళీ మార్చారు. కృష్ణమూర్తీ శశికాంతూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ మనుషులు మరి. కోడ్ అయితే సాయంత్రం మార్చి పొద్దున్నే డిప్లాయ్ చెయ్యొచ్చు. రేకులో కోసిన బొక్క బొక్కే, దానికి అన్‌డూ లేదు. ఈ ముక్క జయంతి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. ఆమె కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాబ్‌లో ప్రాసెస్ ఇంజనీరు. అక్కడ ఒకసారి చెక్కింది చెక్కినట్టే ఉంటుంది. కానీ వినేదెవరు? వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెడితే ఎప్పుడూ ఇద్దరొక పక్క, ఆమె ఒక్కతీ ఒక పక్క.

గ్రూప్‌కి ఒక రూలుంది. కృష్ణమూర్తి పెట్టిందే. ఎవరైనా విమానంలో ఏదో తేడా ఉందని గ్రూప్‌లో రాస్తే, ముగ్గురూ బొటనవేలు గుర్తు పెట్టేదాకా విమానం కదలకూడదు. "రివ్యూ లేకుండా కోడే మెర్జ్ చెయ్యం, మనుషులెక్కే విమానాన్ని వదుల్తామా?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. జరిగిందేమిటంటే, ఆయన వేలు పడనిదే ఆకు కదలదు.

ఈ కొత్త ముస్తాబు వల్ల జయంతి పరీక్ష రెండుసార్లు వెనక్కి పోయింది. పరీక్ష పెట్టే ఎగ్జామినర్లు ఈ ప్రాంతం మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమంది. వాళ్ళ దగ్గర డేట్ దొరకడం కంటే తిరుమలలో సుప్రభాతం సేవ దొరకడం తేలిక. ఎవరో మానుకుంటే ఆ ఖాళీలో ఆమెకి ఈ శనివారం దొరికింది. ఫ్లయింగ్ స్కూల్ విమానం తీసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది దానిమీదే, కానీ శనివారానికి అవన్నీ బుక్ అయిపోయాయి. కాబట్టి ఈ విమానమే గతి. ఈ విమానం ఎగిరితే పరీక్ష ఉంది. లేకపోతే మళ్ళీ ఎప్పుడో ఆ పైవాడికే తెలియాలి.

బుధవారం డోనా మనిషి విమానాన్ని తోలుకొచ్చి హ్యాంగర్ ముందు ఆపాడు. అన్నీ పనిచేస్తున్నాయి, అన్నీ టెస్ట్ చేశాం అని కాగితాలు చేతిలో పెట్టి వెళ్ళాడు. రెండు స్క్రీన్లూ నల్లటి అద్దాల్లా మెరుస్తున్నాయి. జయంతి ఎంత తిట్టుకుంటేనేం, చూడగానే కడుపు నిండింది. సాయంత్రం ఎండ తగ్గాక ఒక గంట ప్రాక్టీస్ చేద్దామని కీ అందుకుంది.

కృష్ణమూర్తి మెసేజ్ వచ్చింది. "పూజ కాకుండా ముట్టుకోవద్దమ్మా. రేపు పొద్దున ముహూర్తం. మల్లేశ్వరి అన్నీ సిద్ధం చేసింది."

కొత్త కారుకి చేస్తాం. కొత్త ఇంటికి చేస్తాం. కొత్త ప్యానెల్‌కి ఎందుకు చెయ్యకూడదు? జయంతికి దేవుడితో పేచీ లేదు. దేవుడి పేరు చెప్పి తన సాయంత్రాన్ని ఎత్తుకుపోయిన మనిషితో పేచీ.

గురువారం పొద్దున్న హ్యాంగర్ ముందు పెళ్ళి సందడి. కృష్ణమూర్తి భార్య నాగమల్లేశ్వరి పసుపు, కుంకుమ, గంధం, పూలు, గుమ్మడికాయ, కారు డిక్కీ నిండా తెచ్చింది. గుడి నుంచి పంతులుగారు వచ్చారు. మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టారు.

"పంతులుగారూ, మన బండికి టేకాఫ్‌కి నిమ్మకాయలైనయి. ల్యాండింగ్‌కి వేరే పెట్టాల్నా?" అన్నాడు శశికాంత్.

"ల్యాండింగ్‌కి దేవుణ్ణి తలుచుకుంటే చాలు నాయనా," అన్నారు పంతులుగారు, చాలా సీరియస్‌గా.

కొబ్బరికాయ కాంక్రీటు మీద కొట్టారు. పెంకులు చెల్లాచెదురుగా ఎగిరాయి. జయంతి చూపు ప్రొపెల్లర్ మీదికి పోయింది. ప్రొపెల్లర్ తిరిగితే ఆ పెంకు ముక్కలు గులకరాళ్ళలా లేస్తాయి. అందరూ హారతి కళ్ళకద్దుకుంటుంటే ఆమె చీపురు పట్టుకుని, చీర కొంగు నడుముకి చుట్టుకుని, ఒక్కో ముక్కా ఏరుకుంటూ నేల మీద వంగి ఉంది. అందుకే నాగమల్లేశ్వరి విమానం చుట్టూ తిరిగి బొట్లు పెట్టడం ఆమె చూడలేదు.

నడుమెత్తి చూసేసరికి కృష్ణమూర్తి అప్పటికే సీటులో ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో పూలదండ. పక్కన శశికాంత్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"చుట్టూ చూసుకున్నారా మూర్తిగారూ?"

"అంతా అయిందమ్మా, పక్కకి జరుగు!"

నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. విమానం లేచింది.

లేచిన విమానం పట్టుమని పది నిమిషాలు కూడా ఉండకుండా దిగింది. కృష్ణమూర్తి మొహం కందగడ్డలా ఉంది. దండ తీసి వెనక సీటులో విసిరేశాడు.

"ఎత్తు కదల్లేదు! నేల మీద ఎంత చూపించిందో పైనా అంతే. రెండు స్క్రీన్లూ అంతే. టవర్ వాడు అడుగుతున్నాడు, మా స్క్రీన్ మీద నువ్వు ఇంకా నేల మీదే ఉన్నావు, ఏంటి సంగతి అని. పరువు పోయింది! ఇన్ని నెలలు పెట్టుకుని ఇదా ఆవిడ చేసిన పని?"

"ఎత్తు చెప్పే పరికరానికి వేరే దారిన గాలి ఇచ్చే లివర్ ఒకటుంటుంది కదా, అది లాగారా?" అంది జయంతి.

"ఆ టైమ్‌లో లివర్లు గుర్తుంటాయా? నువ్వుంటే తెలిసేది!"

ఇంటికి చేరకముందే లోకల్ పైలట్ల పేజీలో డోనా షాప్ గురించి ఇంత పొడుగు రాశాడు. పేరు పెట్టి రాశాడు. ప్రాణాలతో చెలగాటం అన్నాడు. మోసం అన్న మాట కూడా వాడాడు. అది అయ్యాక గ్రూప్‌లో రాశాడు: విమానం ఇక కదలకూడదు, షాప్‌కి వెనక్కి పంపాలి, ప్యానెల్ మొత్తం ఊడదీసి చూపించాలి.

జయంతి ఒకటే అడిగింది. "శనివారం నా పరీక్ష?"

"ప్రాణం ముఖ్యమా పరీక్ష ముఖ్యమా?" అని వచ్చింది జవాబు. దానికి ఏం చెప్తావు? ఈ మాట అనేవాళ్ళకి ఎప్పుడూ ఎదుటివాళ్ళ పరీక్షే గుర్తొస్తుంది.

శుక్రవారం ఆమె ఆఫీస్‌కి సెలవు పెట్టి పొద్దున్నే హ్యాంగర్‌కి వచ్చింది. కోపంగా వచ్చింది. కోపంలో ఆమెకి పని బాగా సాగుతుంది. రెండు స్క్రీన్లు ఒకేసారి, ఒకేలా చెడిపోవు. చెడితే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడాలి. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది గాలి గొట్టం. ఆ గొట్టం మొదలు విమానం ఎడమ పక్కన, తలుపుకి ముందు, రూపాయి బిళ్ళంత గుండ్రటి రేకు. దాని మధ్యలో సూదిబెజ్జం కంటే కాస్త పెద్ద బెజ్జం. స్టాటిక్ పోర్ట్ అంటారు. బయట గాలి ఒత్తిడి దాంట్లోంచి లోపలికి వెళ్తేనే ఎంత ఎత్తులో ఉన్నామో పరికరానికి తెలిసేది. ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూడాల్సినవాటిలో అదొకటి. మొదటి పాఠంలోనే నేర్పుతారు.

అక్కడికెళ్ళి వంగింది.

గుండ్రటి రేకు నిండా గంధం. దాని మీద పసుపు. సరిగ్గా నట్టనడుమ, బెజ్జం మీద, ముచ్చటైన కుంకుమ బొట్టు. ఎండకి ఎండి గట్టిపడి పెచ్చుకట్టింది. పెళ్ళికూతురి నుదుటి మీద కూడా అంత కొలతగా ఎవరూ పెట్టరు.

జయంతికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టింది. కింద ఏమీ రాయలేదు.

శశికాంత్ పావుగంటలో వచ్చి పడ్డాడు. వాడి ఇల్లు దగ్గర. బొట్టు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి దేవుడా! అన్న పోస్టుకి రాత్రి దాకా లైకులే లైకులు అక్కా. గిప్పుడేం జేస్తడు?"

"ఏం చేస్తాడో తర్వాత. ముందు నేను ఒక రౌండ్ వెళ్ళి చూస్తా. వస్తావా?"

"మూర్తన్న వేలు బెట్టలే గదా?"

"నువ్వు వస్తావా రావా?"

తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. పైదంతా పోయింది. బెజ్జం లోపల మాత్రం పచ్చగా ఏదో ఉన్నట్టే ఉంది. పుల్ల పెట్టి పొడవలేదు. పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది. చుట్టూ తిరిగి అన్నీ చూసుకుంది. ఈసారి అన్నీ అంటే అన్నీ.

విమానం లేచింది. స్క్రీన్ మీద అంకెలు లేచాయి. "పని జేస్తుంది అక్కా, మస్తుగ పని జేస్తుంది!" అని శశికాంత్ కేక పెట్టి మళ్ళీ వీడియో మొదలుపెట్టాడు. విమానం నడిపేవాళ్ళని కాసేపు మాట్లాడించద్దని వాడికెవరూ చెప్పలేదు. జయంతి పైకి తీసుకెళ్ళింది, తిప్పింది. ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా ఈ రెండు నల్లటి అద్దాల మీద వెలుగుతోంది. ఇలా ఉంటుందా మన విమానం అనిపించింది. ఇందుకా ఇన్నాళ్ళు ఇంత ఏడ్చింది, పోన్లే, ఏడ్చినా ఫర్వాలేదు అనిపించింది.

దిగడం మొదలుపెట్టింది. అంకెలు దిగుతున్నాయి. దిగుతూ దిగుతూ ఒకచోట ఆగాయి. విమానం దిగుతూనే ఉంది, అంకె ఆగింది. ఒక్క గుక్క తిప్పుకునేంత సేపు. ఆ వెంటనే ఒక్కసారిగా కిందికి దూకి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మామూలుగా దిగడం మొదలుపెట్టింది.

"చూశావా?"

"ఏంది?" శశికాంత్ కిటికీలోంచి కొండల్ని తీస్తున్నాడు.

జయంతి మళ్ళీ పైకెక్కి మళ్ళీ దిగింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. అంతా శుభ్రం. అదే ఇంకా చెడ్డది. ప్రతిసారీ ఆగితే మొండిదని తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఆగితే అది దొంగది.

చక్రాలు నేలని తాకేలోపే ఆమె బుర్ర బేరం మొదలుపెట్టింది. ఎవరూ చూడలేదు. ఒక్కసారే కదా. ఆ ముక్క కాస్తా ఎగిరిపోయిందేమో. రేపు మబ్బు కూడా లేదు, పరీక్షలో కళ్ళకి గంతలు కట్టినట్టు ముసుగు పెడతారంతే, పక్కన ఎగ్జామినర్ బయటికి చూస్తూనే ఉంటాడు. వేరే గాలి లివర్ ఎలాగూ ఉంది. ఒక్క రోజు. రేపొక్క రోజు గడిస్తే తర్వాత షాప్‌కి ఇవ్వచ్చు.

హ్యాంగర్ దగ్గర కృష్ణమూర్తి కారు ఆగి ఉంది. ఆయన నిలబడి ఉన్నాడు. నాగమల్లేశ్వరి నిన్న మర్చిపోయిన ఇత్తడి కుందులూ హారతి పళ్ళెమూ సంచిలో సర్దుకుంటోంది, లోపల మూల.

జయంతి దిగగానే ఆమె ఫోన్ మోగింది. గ్రూప్‌లో కృష్ణమూర్తి బొటనవేలు. ఎదురుగా నిలబడి, నోటితో ఒక్క మాట అనకుండా, వేలు పెట్టాడు మనిషి. శశికాంత్ కూడా చూసి గబుక్కున తనదీ పెట్టాడు.

"పని చేస్తోంది కదమ్మా?" అన్నాడు కృష్ణమూర్తి గొంతు తగ్గించి. "ఇంకేం, రేపు హాయిగా వెళ్ళి పరీక్ష ఇచ్చిరా. ఆ ఫొటో ఒకటి డిలీట్ చేసేయ్. మా మల్లేశ్వరికి తెలిస్తే చాలా బాధపడుతుంది. భక్తిగా చేసింది పాపం. ఆవిడ పేరు బయటికి రావడం నాకిష్టం లేదు."

"షాప్ గురించి మీరు రాసింది?"

"అది మెల్లగా చూసుకుందాం. జనం వారంలో మర్చిపోతారు."

నిన్న ఇదే వేలి కోసం జయంతి ఆయన గడ్డం పట్టుకుని బతిమాలేదే. పడింది. అడగకుండానే పడింది. నిన్న ఆ వేలు ఆగింది డోనా మీద నేరం మోపడానికి. ఇవాళ పడింది ఆ నేరం బయటపడకుండా ఉండటానికి. విమానం బాగుందా లేదా అన్న ప్రశ్న ఆ వేలికి నిన్నా లేదు, ఇవాళా లేదు.

"మూర్తిగారూ, నిన్న ఎగిరే ముందు మీరు చుట్టూ తిరిగి చూశారా?"

"షాప్ నుంచి సంతకాలతో వచ్చిన విమానమమ్మా."

"చూశారా లేదా అని అడిగా."

"జనం ఉన్నారు, ముహూర్తం దాటిపోతోంది..."

"అంటే చూడలేదు. ఇందులో మల్లేశ్వరక్క పేరెందుకు తెస్తారండీ? బొట్టు పెట్టడం అక్క తప్పు కాదు. చూడకపోవడం మీ తప్పు. మీరు దాచుకుంటున్నది అది."

మూల నుంచి కుందుల చప్పుడు ఆగింది. నాగమల్లేశ్వరి సంచి పట్టుకుని వచ్చింది.

"ఏంటే జయంతీ, నా పేరేంటి మధ్యలో?"

కృష్ణమూర్తి "ఏం లేదు, నువ్వు కార్లో కూర్చో" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. జయంతి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఎడమ పక్కకి తీసుకెళ్ళి చూపించింది.

"ఇక్కడ బొట్టు పెట్టింది మీరే కదక్కా?"

"అవునే. గుండ్రంగా, మెరుస్తూ, బొట్టు పెట్టమన్నట్టే ఉంటేనూ. ఏం, పెట్టకూడదా?"

"అది విమానం ఊపిరి తీసుకునే బెజ్జం. అది మూసుకుపోతే ఎంత ఎత్తులో ఉన్నామో లోపల తెలీదు."

నాగమల్లేశ్వరి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. వంగి ఆ బెజ్జాన్ని చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీకు తెలుసా ఇది?"

"అందరికీ తెలిసిందే..."

"అందరి సంగతి కాదు. మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నేను బొట్టు పెడుతుంటే పక్కన నిలబడి ఫొటో తీశారేమండీ? కాస్త నవ్వు, ఇటు చూడు అని కూడా అన్నారు!"

శశికాంత్ మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు. నాగమల్లేశ్వరి ఆగలేదు.

"ఇన్నేళ్ళలో ఒక్క రోజు దీని గురించి ఒక్క ముక్క చెప్పారా నాకు? చుట్టాలొస్తే మాత్రం విమానం ఉందని చెప్పుకోమంటారు. చెప్పి ఉంటే ఆ బొట్టేదో తోక మీద పెట్టుకునేదాన్ని! పైగా నేను బాధపడతానని ఇప్పుడు దాస్తారా? నేనెందుకు పడతాను బాధ? మీరు పైనుంచి పడుంటే పడేదాన్ని!"

"అయిపోయింది కదా మల్లేశ్వరీ, తుడిచింది, పనిచేస్తోంది, ఇంక వదిలెయ్."

"పనిచెయ్యడం లేదు," అంది జయంతి.

అనేసింది. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు.

"దిగుతుంటే ఒకసారి ఆగింది. లోపలికి ఏదో పోయింది. గొట్టం విప్పి లోపలి నుంచి ఊదాలి. ఊదాక మళ్ళీ లీక్ టెస్ట్ చేసి సంతకం పెట్టాలి. అది షాపే చెయ్యాలి."

"నేను జూడలే అక్కా," అన్నాడు శశికాంత్. వాడు మంచికే అన్నాడు. దారి చూపిస్తున్నాడు. "వీడియోల గూడ లేదు. నువ్వు గిన చెప్పకుంటే ఎవ్వలికి తెలుస్తది? ఒక్కరోజే గదా."

"నాకు తెలుసు కదరా."

"నీ పరీక్ష పోతది మరి."

"పోతుంది."

ఫ్యాబ్‌లో కంటికి కనపడని దుమ్ము ఒక్కటి పడితే మొత్తం చిప్పుల పలక పారేస్తారు. ఎవరూ చూడలేదని ఎవరూ అనరు. అలాంటి చోట పదేళ్ళుగా పనిచేసి, రేపు ముసుగేసుకుని, ఆగుతుందో ఆగదో తెలియని అంకెని నమ్మినట్టు నటించి, పరికరాలని నమ్మగలనని ఒప్పుదల తెచ్చుకోవడమా? అంతకన్నా అద్దె కారులో ఫ్రీమాంట్‌కి జీవితాంతం తిరగడం నయం. అలాగని గొప్పగా ఏమీ అనిపించలేదు ఆమెకి. ఒళ్ళంతా మండిపోతోంది. తప్పు చేసినవాడు నీడలో నిలబడ్డాడు. డేట్ పోయేది తనది.

ఎగ్జామినర్‌కి ఫోన్ చేసింది. ముసలాయన, మర్యాదస్తుడు. విమానం సిద్ధంగా లేదు అంది. కారణం అడిగితే చెప్పింది, బొట్టుతో సహా. ఆయన నవ్వలేదు. మంచి పని చేశావు అన్నాడు. మంచి పనికి బహుమానంగా డేట్ ఏమైనా ఉందా అని అడిగింది. ప్రస్తుతం లేదు, ఎవరైనా మానుకుంటే చెప్తాను అన్నాడు. అంతే. ఫోన్ పెట్టేసింది. ఇన్ని నెలలు ఆ నాలుగు మాటల్లో పోయాయి.

డోనా షాప్‌కి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు. ఈ నంబరు చూస్తే ఎందుకెత్తుతారు? మోసగాళ్ళని రాసినవాళ్ళ నంబరు కదా.

"అనవసరంగా పెద్దది చేశావమ్మా," అన్నాడు కృష్ణమూర్తి. "అందరం బాగుండేవాళ్ళం."

"ఇంకా చెయ్యలేదండీ. ఇప్పుడు చేస్తాను. షాప్‌కి కార్లో వెళ్తున్నా. మనిషి కనపడితే గానీ వాళ్ళు మాట్లాడరు. రాసింది మీరు, మీరు కూడా రండి."

"నేనా? అక్కడికొచ్చి ఏం చెప్పను?"

"ఇంకా ఏం చెప్పాలో తెలీలేదా!" నాగమల్లేశ్వరి కుందుల సంచి ఆయన చేతిలో పెట్టేసి జయంతి కారు వైపు నడిచింది. "మీరు రాకపోతే మానెయ్యండి. నేను చెప్తా. బొట్టు పెట్టింది నేను, చూడనిది మా ఆయన, నింద పడ్డది నువ్వు, ఏమనుకోకు తల్లీ అని. ఇంగ్లీషులో ఎలా అనాలో దార్లో జయంతి చెప్తుంది. ఎంత దూరమే?"

"గంట అక్కా."

"గంటలో ఆ ఇంగ్లీషు వచ్చేస్తుందిలే."

కృష్ణమూర్తి సంచి కింద పెట్టాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పైకి తోసుకుని, పైలట్ల పేజీ తెరిచాడు. వేలు డిలీట్ మీదికి పోతుంటే జయంతి చూసింది.

"తియ్యకండి."

"తీసేస్తేనే కదమ్మా మంచిది? తప్పని తెలిసింది కదా."

"తీస్తే రాసినట్టే ఉండదు. చదివినవాళ్ళ బుర్రలోంచి మాత్రం పోదు. అలాగే ఉంచి, దాని కిందే రాయండి. ఏం జరిగిందో రాయండి. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూడలేదని రాయండి."

"అంత అక్కర్లేదేమో..."

"రాయండి."

ఆయన రాయడం మొదలుపెట్టాడు. ఒక ముక్క కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాడు. ఆఫీసులో వందమందికి మెయిళ్ళు పంపే మనిషి, 'నాది పొరపాటు' అన్న రెండు మాటలు ఎక్కడున్నాయో కీబోర్డు మీద వెతుక్కుంటున్నాడు. ఎండ నెత్తిమీదికొచ్చింది. శశికాంత్ విమానాన్ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు. కారులో నాగమల్లేశ్వరి ఏసీ పెంచుకుంది.

జయంతి కారు తలుపు పట్టుకుని నిలబడింది. తలుపు కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

"ఇంకా ఎంతసేపండీ?"